కోడ్ ఎవరి చేతిలో ఉంది? ఓపెన్ సోర్స్ పోర్టళ్లపై నల్గొండ నుంచి ఒక సమీక్ష

2016 అక్టోబరు 11, దసరా నాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత నల్గొండ మూడు జిల్లాలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్, నాలుగైంది: మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరుపడింది. జిల్లా అన్నాక కలెక్టరేట్ ఉండాలి, ఎస్పీ ఆఫీసు ఉండాలి, ఈ కాలంలో వెబ్‌సైటూ ఉండాలి. ఈ ఎనిమిది జిల్లాల సైట్లు ఇవాళ వరుసగా తెరిచి చూస్తే ఫొటోలు మారతాయి గానీ నిర్మాణం ఒక్కటే. మెనూలు అవే, భాష మార్చే మీట అక్కడే. పేజీ అడుగున కూడా ఒకే మాట: సమాచారం జిల్లా యంత్రాంగానిది, తయారీ, నిర్వహణ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ది.

ఎన్‌ఐసీ వాడే ఆ చట్రం పేరు ఎస్3వాస్. దాని పునాది వర్డ్‌ప్రెస్. 2003లో ఇద్దరు ప్రోగ్రామర్లు బ్లాగులు రాసుకోవడానికి మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. నల్గొండ జిల్లా కోర్టు సైటు కూడా ఇదే చట్రంలోకి వచ్చింది. ప్రభుత్వ సంస్థలు పెద్ద పోర్టళ్లను ఓపెన్ సోర్స్ మీద కట్టుకోవచ్చా అని ఇంకా సెమినార్లలో అడుగుతుంటారు. మన దగ్గర ఆ పని జరిగిపోయి ఏళ్లయింది. ఇప్పుడు అడగాల్సినవి వేరే ప్రశ్నలు: ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎవరు చూసుకుంటారు, కోడ్ మీద హక్కు ఎవరిది, అది తెలుగును సరిగా మోస్తుందా.

ముందు పోర్టల్‌కూ వెబ్‌సైటుకూ ఉన్న తేడా చెప్పుకోవాలి. కలెక్టర్ ఫోన్ నంబరు, మండలాల జాబితా, టెండర్ నోటీసు చూపించేది వెబ్‌సైటు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి నంబరు పడాలి, అది సంబంధిత శాఖకు పోవాలి, తహసీల్దారు తన లాగిన్‌లో దాన్ని చూడాలి, జవాబు రాయాలి, అర్జీదారుకు ఎస్‌ఎంఎస్ రావాలి, నెల తర్వాత పెండింగ్ ఎన్ని అని పైఅధికారి లెక్క తీయాలి. ఇదంతా ఒక్క గుమ్మంలో జరిగితే అది పోర్టల్. ఎవరికి ఏది కనబడాలో తెలియడం, ఫైలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి నడవడం, వేర్వేరు సాఫ్ట్‌వేర్ల సమాచారం ఒకే చోటికి రావడం, వెతికితే దొరకడం దాని లక్షణాలు. యూనివర్సిటీకి, సహకార బ్యాంకుకు, పాల సమాఖ్యకు, మిర్యాలగూడ రైస్ మిల్లర్ల సంఘానికి, ఎవరికైనా అవసరం ఇదే తీరులో ఉంటుంది.

ఈ అవసరానికి మొదట పెద్ద కంపెనీలే సరుకు అమ్మాయి. ఐబీఎం వెబ్‌స్పియర్ పోర్టల్, మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ ఆ కాలపు పేర్లు. వాటికి పోటీగా జావా ప్రపంచంలో ఓపెన్ సోర్స్ పోర్టళ్లు పుట్టాయి. 2000లో బ్రయాన్ చాన్ లైఫ్‌రే మొదలుపెట్టాడు. అపాచీ వాళ్ల జెట్‌స్పీడ్, అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి చేసుకున్న యూపోర్టల్, జేబాస్ పోర్టల్, ఎక్సో వచ్చాయి. పేజీలోని ఒక్కో పెట్టెను పోర్ట్‌లెట్ అన్నారు. ఒక సంస్థ పోర్టల్‌కు రాసిన పోర్ట్‌లెట్ ఇంకో దాంట్లోనూ నడవాలని 2003లో జేఎస్ఆర్ 168, 2008లో జేఎస్ఆర్ 286 అనే ప్రమాణాలు తెచ్చారు. ఆశయం గొప్పదే, ఆచరణలో మాత్రం బరువెక్కింది. చిన్న మార్పుకైనా అనుభవమున్న జావా ఇంజినీరు కావాల్సి వచ్చింది. 2009లో జేబాస్, ఎక్సో పోర్టళ్లు కలిసి గేట్‌ఇన్ అయ్యాయి. ఆ తరంలో నేటికీ గట్టిగా నిలబడింది లైఫ్‌రే ఒక్కటే.

మరోపక్క పీహెచ్‌పీ, పైథాన్ భాషల్లో తేలికైన దారి పడింది. పైథాన్‌లో ప్లోన్, పీహెచ్‌పీలో బెల్జియం విద్యార్థి డ్రీస్ బ్యూటార్ట్ 2001లో విడుదల చేసిన ద్రూపల్, మాంబో నుంచి 2005లో చీలివచ్చిన జూమ్లా, ఆపై వర్డ్‌ప్రెస్. పేజీలు నింపుకునే సాధనాలుగా పుట్టిన ఇవే క్రమంగా లాగిన్లు, అనుమతులు, ఫారాలు నేర్చుకుని పోర్టళ్లయ్యాయి. మన ప్రభుత్వానికి బాగా నప్పింది ద్రూపల్. 2012లో వచ్చిన కేంద్ర ఓపెన్ డేటా పోర్టల్, 2014లో వచ్చిన మైగవ్ రెండూ దాని మీద కట్టినవే. అమెరికా అధ్యక్ష భవనం సైటు 2009లో ద్రూపల్‌కు మారి, 2017లో అక్కణ్నుంచి వర్డ్‌ప్రెస్‌కు మారింది. అలా మారగలగడం చిన్న విషయమేమీ కాదు. సమాచారం తెరిచిన రూపంలో ఉంది కాబట్టే ఒక ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇంట్లో దిగగలిగారు.

ఇప్పటి తరం మూడోది. ఒకే భారీ పోర్టల్ కొనే రోజులు పోయాయి. లాగిన్‌కు కీక్లోక్, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్, వెతుకులాటకు సోలార్ లేదా ఓపెన్‌సెర్చ్, పేజీలకు ఇంకేదో, అన్నీ ఓపెన్ సోర్స్‌లోనే ఉన్నవి తెచ్చి కలుపుకుంటున్నారు. బెంగళూరులో 2003లో మొదలైన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ ఇంటి పన్ను, నల్లా బిల్లు, భవన అనుమతుల సాఫ్ట్‌వేర్‌ను కోడ్‌తో సహా బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని తన పురపాలక సంఘాల్లో పెట్టుకుంది. బడి పిల్లల పాఠ్యపుస్తకంలో కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష పోర్టల్ తెరుచుకుంటుంది. దాని అడుగున ఉన్న సన్‌బర్డ్ కూడా ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్సే. దేవరకొండలో ఆరో తరగతి పిల్ల చదివే పాఠం అలా తెరిచిన కోడ్ మీదుగానే వస్తోంది.

నన్ను అడిగితే మన దేశంలో అన్నింటికన్నా మంచి ఉదాహరణ కోర్టులది. ఈకోర్ట్స్ పథకంలో జిల్లా కోర్టుల కంప్యూటర్లకు ఉబుంటు లినక్స్ పెట్టారు. కేసుల నిర్వహణకు పుణె ఎన్‌ఐసీ తయారుచేసిన కేస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ కూడా పీహెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్ లాంటి ఓపెన్ సోర్స్ పునాదుల మీదే నిలబడింది. నల్గొండ కోర్టులో వేసిన దావాకైనా, గద్వాలలో వేసిన దానికైనా 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు పడుతుంది. ఆ నంబరుతో కక్షిదారు తన ఫోన్‌లోనే వాయిదా తేదీ చూసుకుంటున్నాడు. వకీలు ఆఫీసు చుట్టూ తిరిగే పని అంత మేరకు తప్పింది. దేశంలో ఇన్ని వేల కోర్టులకు ఒక్కో కంప్యూటర్‌కు ఇంత అని లైసెన్సు కట్టాల్సి వస్తే ఈ పని ఎన్నాళ్లు సాగేదో ఊహించుకోండి.

ఇక భూమి సంగతి. ఈ రెండు పాత జిల్లాల్లో పోర్టల్ అనగానే రైతు నోట మొదట వచ్చే పేరు ధరణి. 2020 అక్టోబరు 29న మొదలైంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు ఆఫీసులో ఒకే పూట అయ్యేలా చేయడం దాని లక్ష్యం. స్లాట్ బుకింగు, పాస్‌బుక్కు, అందులోని తప్పుల సవరణకు పెట్టిన టీఎం 33 మాడ్యూలు ఊరి మాటల్లో కలిసిపోయాయి. పేరులో తప్పు పడినా, విస్తీర్ణం తగ్గినా దానికి తగిన మాడ్యూలు ఉంటేనే దరఖాస్తు. లేకపోతే అది వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. మొదట్లో నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. 2024లో ప్రభుత్వం దాన్ని ఎన్‌ఐసీకి అప్పగించాలని నిర్ణయించింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తొలి విడత ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

ధరణి మీద రాజకీయ వాదాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోను. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి ఒక్క మాట. భూమి హక్కును నమోదు చేసే కోడ్‌లో ఏ నియమం ఎలా రాశారో ప్రజలకు కనబడాలి. ఏ సర్వే నంబరు ఎందుకు నిషేధిత జాబితాలోకి పోతుంది, ఏ షరతు మీద దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది అన్నవి చట్టంలో ఒకలా, కోడ్‌లో ఇంకోలా ఉంటే రైతుకు తెలిసే దారి లేదు. చట్టాన్ని గెజిట్‌లో అచ్చువేసినట్టే చట్టాన్ని అమలుచేసే కోడ్‌నూ బయటపెట్టాలి. రైతుల వివరాలు గోప్యంగానే ఉండాలి, అందులో వాదమే లేదు. నియమాలకు ఆ గోప్యత అక్కర్లేదు.

కేంద్రం ఈ దిశగా 2015లోనే ఒక విధానం తెచ్చింది. ఈగవర్నెన్స్ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలని, వద్దనుకుంటే కారణం చెప్పాలని అందులో ఉంది. ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను తెరిచి ఇతర శాఖలతో పంచుకోవాలని అదే ఏడాది మరో విధానం వచ్చింది. తెలంగాణ 2016లో ఓపెన్ డేటా విధానం ప్రకటించి పోర్టల్ పెట్టింది. కాగితం మీద కొరత లేదు. ఆచరణలో పునాది ఓపెన్ సోర్స్ అవుతోంది గానీ దాని మీద ప్రజల డబ్బుతో కట్టిన అంతస్తు మాత్రం మూసే ఉంటోంది. ఎస్3వాస్‌నే తీసుకోండి, ప్రభుత్వ సంస్థలకు తప్ప అందదు. హుజూర్‌నగర్‌లోని ఒక సహకార సంఘం అలాంటిదే కావాలంటే మొదటి నుంచి కట్టించుకోవాల్సిందే.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మురిసిపోయేవాళ్లకు ఒక హెచ్చరిక. లైసెన్సు రుసుము ఉండదు, నిజమే. సర్వరు అద్దె, బ్యాకప్, శిక్షణ, ముఖ్యంగా ఏడాది పొడవునా చూసుకునే మనిషి జీతం ఉంటాయి. మన బోరు మోటారు కాలితే మండల కేంద్రంలో ఎవరైనా విప్పి వైండింగ్ చేయగలరు. ఓపెన్ సోర్స్ ఇచ్చే అసలు లాభం అదే: విప్పే హక్కు. విప్పగల మెకానిక్‌ను మాత్రం మనమే చూసుకోవాలి. ఆ మనిషికి బడ్జెట్ రాయకుండా పోర్టల్ ప్రారంభోత్సవం చేస్తే రెండేళ్లలో అది పాడుబడుతుంది. మా వైపు చాలా కాలేజీల సైట్లు ఈ తీరుగానే ఉన్నాయి. కట్టిన కుర్రవాడు హైదరాబాద్‌కు ఉద్యోగానికి పోతాడు, పాస్‌వర్డ్ అతనితోనే పోతుంది.

భద్రత విషయంలో ఈ నిర్లక్ష్యం ఎంత ఖరీదో ద్రూపల్ చరిత్ర చెబుతుంది. 2014 అక్టోబరు 15న ఒక పెద్ద లొసుగుకు ప్యాచ్ విడుదల చేశారు. రెండు వారాల తర్వాత ద్రూపల్ భద్రతా బృందమే, ఆ ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు ప్యాచ్ వేయని సైట్లన్నీ దొంగల చేతికి చిక్కినట్టే అనుకోవాలని చెప్పింది. మన గడియారంలో అది రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా. ఆ వేళకు మన ఏ ఆఫీసులో ఎవరు మేలుకొని ఉంటారు? 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయింది అపాచీ స్ట్రట్స్‌లోని లోపం వల్ల. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వాళ్లు వేయలేదు, మే నెలలో దొంగలు దూరారు. 2021 డిసెంబరులో లాగ్4జే లొసుగు బయటపడ్డప్పుడు తమ పోర్టల్‌లో అసలు ఆ ముక్క ఉందో లేదో చెప్పలేక ఎన్నో సంస్థలు తలలు పట్టుకున్నాయి. ఇవన్నీ చూపి మూసిన సాఫ్ట్‌వేరే భద్రం అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మూసిన దాంట్లోనూ లొసుగులు ఉంటాయి, అవి ఎప్పుడు సరిదిద్దాలో అమ్మినవాడి ఇష్టం. తెరిచిన దాంట్లో మందు వెంటనే దొరుకుతుంది. వేసుకోవడమే మన పని. ద్రూపల్ అడ్మిన్‌లో అప్‌డేట్ల పేజీ తెరిస్తే భద్రతా ప్యాచ్ వేయని భాగాలు ఎర్రరంగులో కనిపిస్తాయి. ద్రూపల్ 7కు 2025 జనవరి 5తో మద్దతు ఆగిపోయింది. మీ సంస్థ సైటు ఇంకా దాని మీదే ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

లైసెన్సుల దగ్గర రెండు సంగతులు తెలిసి ఉండాలి. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా జీపీఎల్ కింద ఉన్నాయి. కాంట్రాక్టరు వీటి మీద మాడ్యూళ్లు రాసి మీకు అప్పగిస్తే వాటి సోర్స్ కోడ్ అడిగే హక్కు మీకుంది. అదే అతను తన సర్వరులోనే నడిపి మీకు లాగిన్ మాత్రమే ఇస్తే జీపీఎల్ ప్రకారం అప్పగించినట్టు కాదు, కోడ్ ఇవ్వక్కర్లేదు. కాబట్టి హక్కు టెండరులోనే రాసుకోవాలి. రెండోది, ఓపెన్ అని చెప్పినవన్నీ ఎల్లకాలం అలాగే ఉండవు. లైఫ్‌రేకు కమ్యూనిటీ కూర్పు వేరు, చందా కట్టి తీసుకునే కూర్పు వేరు. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ తన లైసెన్సు బిగించింది. వెంటనే పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్ చీలి బయటికొచ్చింది. మాంబో నుంచి జూమ్లా, మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీ వచ్చింది కూడా ఇట్లాగే. యజమాని మనసు మారినా వాడుకరులు రోడ్డున పడకుండా కాపాడేది ఈ చీలే హక్కే.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించే విషయం, తెలుగు. పోర్టల్‌కు తెలుగు బటన్ పెడితే తెలుగైపోయిందని అనుకుంటారు. అసలు పరీక్ష పేరు నమోదు చేసేచోట, వెతికేచోట ఉంటుంది. మైసయ్య అనే పేరునే చూడండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం వేర్వేరు పేర్లు. ఖాన్, మహమూద్ లాంటి పేర్ల చివర పొల్లు తర్వాత కొన్ని టైపింగు సాధనాలు కంటికి కనబడని ఒక విడదీసే గుర్తును చేరుస్తాయి. ఒక ఆపరేటరు దాంతో ఎక్కిస్తాడు, ఇంకొకడు అది లేకుండా వెతుకుతాడు. రికార్డు లేదు అని వస్తుంది. రికార్డు అక్కడే ఉంటుంది.

ఇంకోటి, పేరు గడి పొడవు. తెలుగు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని యాభై బైట్ల గడి కట్టినచోట పదహారు గుర్తులే పడతాయి. సత్యనారాయణరెడ్డి అన్న పేరులో సరిగ్గా పదహారు గుర్తులున్నాయి. ఇంటిపేరు రాయడానికి చోటే మిగలదు.

ఇవి పరిష్కారం లేని సమస్యలేమీ కావు. పేరు లోపలికి వచ్చేటప్పుడే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చి, కనబడని గుర్తులు తీసేయడం కొన్ని వరుసల కోడు. మూసిన సాఫ్ట్‌వేర్ అయితే ఆ వరుసల కోసం ఎక్కడో ఉన్న కంపెనీకి ఉత్తరం రాసి ఎదురుచూడాలి, వాళ్లకు తెలుగు లాభసాటిగా తోచాలి. ఓపెన్ సోర్స్‌లో తెలిసినవాళ్లు రాసి పంపొచ్చు. సోలార్‌కూ, ఓపెన్‌సెర్చ్‌కూ అడుగున పనిచేసే లూసీన్‌లో తొమ్మిదో కూర్పు నుంచి తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక అనలైజర్ ఉంది. తెలుగు వికీపీడియాను 2003 నుంచి మోస్తున్న మీడియావికీ, తెలుగు వర్డ్‌ప్రెస్ అనువాదం, తెలుగు టైపింగు సాధనం లేఖిని, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ చేసిన తెలుగు లినక్స్ పని, వీటిలో చాలావరకు ఎవరో కొందరు జీతం లేకుండా కూర్చుని చేసినవే. వాళ్ల శ్రమ మీద మన పోర్టళ్లు నడుస్తున్నాయి, ఆ రుణం మనం ఒప్పుకోవాలి.

మారుమూల జిల్లా నుంచి ఇలాంటివి పుడతాయా అని సందేహించేవారికి కోహా కథ చెబుతాను. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే గ్రామీణ ప్రాంతపు గ్రంథాలయ సంస్థ తన పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం దాటి పనిచేయదని తెలిసి, కటిపో అనే చిన్న సంస్థ చేత కొత్తది రాయించుకుంది. 2000 జనవరిలో అది పని మొదలుపెట్టింది. కోడ్‌ను జీపీఎల్ కింద లోకానికి వదిలేశారు. ఇవాళ ప్రపంచమంతటా, మన దేశంలోని యూనివర్సిటీలతో సహా, ఎన్నో గ్రంథాలయాలు కోహా మీద నడుస్తున్నాయి. ఒక చిన్న ఊరి అవసరం ఎంతమందికి ఆసరా అయిందో చూడండి. మనకు 2023 మేలో మహబూబ్‌నగర్‌లోని దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబరు 2న నల్గొండలో ఐటీ టవర్లు ప్రారంభమయ్యాయి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టు పేరుతో బజారులో కొన్న సీడీల బదులు, ప్రజావాణి అర్జీల పోర్టల్‌కు తెలుగు వెతుకులాట మాడ్యూలు రాయించే గైడ్లు కావాలి.

అయితే ప్రతిచోటా భారీ పోర్టల్ అక్కర్లేదు. పది పేజీల స్కూలు సైటుకు లైఫ్‌రే పెట్టడం వృథా, వర్డ్‌ప్రెస్ కూడా ఎక్కువే, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు చాలు. నోటీసులు, ఫొటోలు, సర్క్యులర్లు ఉన్నచోట వర్డ్‌ప్రెస్ సరిపోతుంది. అనుమతులు, విభాగాలు, రెండు భాషలు, రకరకాల ఫారాలు ఉంటే ద్రూపల్ మేలు. పరిశోధన గ్రంథాలు దాచుకోవాలంటే శోధ్‌గంగ వాడే డీస్పేస్ ఉంది, పాఠాలు చెప్పడానికి మూడుల్ ఉంది. పాతకాలపు జావా వ్యవస్థలు ఇప్పటికే ఉండి, ఇంజినీర్లు, డబ్బు రెండూ ఉన్న పెద్ద సంస్థకే లైఫ్‌రే. బ్యాంకు లెక్కల గుండెకాయ లాంటి చోట్ల, చేసేవాళ్లు దొరకనప్పుడు, మూసిన సాఫ్ట్‌వేర్ కొనడంలో తప్పేమీ లేదు. సమాచారం మొత్తం తెరిచిన రూపంలో ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసుకోగలగాలి, అదొక్కటీ వదులుకోకూడదు.

కలెక్టరేట్‌లో, యూనివర్సిటీలో, సహకార సంఘంలో, కాలేజీ కమిటీలో పోర్టల్ టెండరు మీద సంతకం పెట్టే పెద్దలకు నా విన్నపం ఇది. సంతకం చేసేముందు నాలుగు మాటలు అందులో ఉన్నాయో లేదో చూడండి: రాసిన కోడ్ మొత్తం సంస్థకు అప్పగించి బహిరంగంగా పెట్టాలి, అడిగినప్పుడు పూర్తి డేటా ఇవ్వాలి, భద్రతా ప్యాచ్‌లు వేసే మనిషికి ఐదేళ్ల జీతం అంచనాలోనే ఉండాలి, మైసయ్య పేరు ఎలా టైపు చేసినా దొరికితేనే బిల్లు పాసవ్వాలి.